రెండున్నర కిలోల గీటు

సూరత్‌లోని రింగ్ రోడ్డు పేరు ఎరుగని చీరల వర్తకుడు దేశంలో అరుదు. సహారా దర్వాజా, ఉధనా దర్వాజా, మజూరా గేటు మీదుగా సాగే ఈ దారి పొడవునా అంతస్తుల మీద అంతస్తులుగా బట్టల మార్కెట్లు లేచి ఉన్నాయి. తలపై మూటలు మోసేవారు, తోపుడు బండ్లవారు, టెంపోలవారు పొద్దుటి నుండి రాత్రి వరకు ఒకరినొకరు తోసుకొంటూ ఉంటారు. ఆ సందడిలో కరీంనగర్ యాస, వరంగల్ యాస చెవినబడటం వింత కాదు. సాంచాల మీద బ్రతుకు వెతుక్కొంటూ తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు, వారి వెంట మరికొన్ని కులాలవారు, తరాల క్రితమే లింబాయత్, ఉధనా ప్రాంతాలలో స్థిరపడ్డారు. వారి పిల్లల కొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతూ వచ్చింది.

ఈ రోడ్డుకు ఒక కొసన, సహారా దర్వాజాకు సమీపంలో, నగరపాలక సంస్థ వారి స్మీమేర్ వైద్య కళాశాల ఆస్పత్రి ఉన్నది. మజూరా గేటు వద్ద ప్రభుత్వ న్యూ సివిల్ ఆస్పత్రి ఉన్నది. మూటలు దింపే కూలీ భార్య, సాంచా నడిపేవాని భార్య, ఇంటివద్దనే లేసు కుట్టి చీరకింత అని కూలి పుచ్చుకొనే ఇల్లాలు కాన్పుకు ఆశ్రయించేది ఇటువంటి చోట్లనే. బిడ్డ పుట్టి, ఏడ్చి, బొడ్డు కోసిన కొద్దిసేపటికే నర్సు ఆ బిడ్డను త్రాసులో పెడుతుంది. అంకె కార్డు మీదికి ఎక్కుతుంది. 2,500 గ్రాములకు తక్కువైతే అది ‘తక్కువ బరువు కాన్పు’. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీచిన గీటు అది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పుట్టినప్పటి బరువు తెలిసిన శిశువులలో నూటికి 18 మంది ఈ గీటుకు దిగువన ఉన్నారు.

ఆ అంకె విన్న తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒక్కటే: బిడ్డ దక్కుతాడా? దక్కాడు, పాలు కుడిచాడు, మూడో నెలకు బుగ్గలు వచ్చాయి. అంతటితో ఆ అంకెను మరచిపోతారు. వైద్యులు కూడా చాలాకాలం అలాగే మరచిపోయారు. గడచిన నలభై సంవత్సరాల పరిశోధన మాత్రం ఆ అంకె మరల ఒకనాడు, బిడ్డకు నలభయ్యో యాభయ్యో ఏడు వచ్చాక, గుండె వద్ద మాట్లాడవచ్చునని చెబుతున్నది. అంతకంటె విశేషమేమంటే, అందుకు సంబంధించిన కొన్ని గుర్తులు పురిటి మంచంలోనే కనబడుతున్నాయి.

పాత పుస్తకాలలో దొరికిన సంగతి

ఈ కథకు మూలం ఇంగ్లాండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లా. అక్కడ ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే మహిళ ఆరోగ్య సందర్శకులకు అధికారిణిగా ఉండేది. ఆమె క్రింది మంత్రసానులూ సందర్శకులూ ఊరూరా తిరిగి, పుట్టిన ప్రతి బిడ్డ బరువునూ, ఏడాది నిండిననాటి బరువునూ పుస్తకాలలో వ్రాసి ఉంచారు. ఆమె ఉద్దేశం ఆనాటి శిశుమరణాలను తగ్గించడమే తప్ప భావితరాల శాస్త్రజ్ఞులకు సామగ్రి సమకూర్చడం కాదు.

డేవిడ్ బార్కర్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు 1986లో ఒక చిత్రమైన పోలికను గమనించాడు. ఇంగ్లాండు, వేల్స్‌లలో 1920ల నాడు ఏ ప్రాంతాలలో పసికందులు ఎక్కువగా చనిపోయారో, అర్ధశతాబ్దం తరువాత అవే ప్రాంతాలలో గుండెజబ్బు చావులూ ఎక్కువగా ఉన్నాయి. గుండెజబ్బు కలిగినవారి రోగమని, తిండి ఎక్కువై వచ్చేదని అందరూ అనుకొనే రోజులవి. బీద జిల్లాలలో అది ఎందుకు హెచ్చుగా ఉండాలి? బార్కర్ బృందం హెర్ట్‌ఫర్డ్‌షైర్ పుస్తకాలను వెలికితీసి, 1911–30 మధ్య పుట్టిన 5,654 మంది పురుషులు ఏమైనారో ఆరా తీసింది. 1989లో ఫలితం వెలువడింది. పుట్టినప్పుడూ ఏడాదినాడూ బరువు తక్కువగా ఉన్నవారిలోనే గుండెజబ్బు మరణాలు అత్యధికం. ఏడాదినాటికి 18 పౌండ్లు మించనివారి మరణాల స్థాయి, 27 పౌండ్లు పైబడినవారి స్థాయికి రెండింతల కంటె మించి ఉన్నది.

ఇది దొరల దేశపు ముచ్చట కదా, మనకేమి అని అనుకోవడానికి వీలులేకుండా తరువాతి సాక్ష్యం మన పొరుగునే దొరికింది. మైసూరులోని హోల్డ్స్‌వర్త్ స్మారక ఆస్పత్రిలో 1934 నుండి కాన్పుల రికార్డులు భద్రంగా ఉన్నాయి. ఆ ఆస్పత్రిలో పుట్టి, అదే ఊరిలో నివసిస్తున్న 517 మంది స్త్రీ పురుషులను వెతికి పట్టుకొని పరీక్షించారు. 1996లో ప్రకటించిన ఆ ఫలితాల ప్రకారం, రెండున్నర కిలోలు గాని అంతకు తక్కువ గాని బరువుతో పుట్టినవారిలో నూటికి 11 మందికి గుండె ధమనుల జబ్బు కనబడింది. 3.1 కిలోలు దాటి పుట్టినవారిలో అది నూటికి 3 మాత్రమే. తల్లి కూడా బక్కపలుచనిదై, బిడ్డ కూడా చిన్నదైన చోట పరిస్థితి మరింత విషమంగా ఉన్నది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నూటికి 11 అంటే, చిన్నగా పుట్టిన మిగిలిన 89 మందికి ఆ జబ్బు లేదన్నమాట. తక్కువ బరువు నుదుటివ్రాత కాదు. పొగత్రాగడం, రక్తపోటు, మధుమేహం వంటి వాటి సరసన లెక్కలోకి తీసుకోవలసిన మరొక అంశం అది, అంతే. బీదరికం చిన్న బిడ్డను పుట్టించి, ఆ బీదరికమే పెద్దయ్యాక గుండెనూ దెబ్బతీస్తున్నదేమో, నడుమ బరువు చేసినదేమున్నదని ఆక్షేపించినవారు లేకపోలేదు. ఆక్షేపణ సహేతుకమైనదే. కాని ఎన్నో దేశాలలో, ఆదాయాన్నీ అలవాట్లనూ లెక్కలో సవరించిన తరువాత కూడా ఈ సంబంధం చెరిగిపోలేదు.

గర్భంలో పొదుపు

కడుపులోని పిండానికి ఆహారమూ ప్రాణవాయువూ మాయ ద్వారా చేరుతాయి. తల్లి తిండి చాలనప్పుడు, రక్తహీనత ఉన్నప్పుడు, రక్తపోటు పెరిగినప్పుడు, మాయ సరిగా ఎదగనప్పుడు ఆ సరఫరా తగ్గుతుంది. అప్పుడు పిండం ఇరుకు సంసారం చేసే ఇల్లాలివలె పొదుపు పాటిస్తుంది. ముందుగా మెదడుకు రక్తాన్ని మళ్ళిస్తుంది. మూత్రపిండాలు, కాలేయం, క్లోమం, కండరాలు తమ వంతులో కోత భరిస్తాయి. మెదడు నిలుస్తుంది, బిడ్డ బ్రతుకుతాడు. కోత పడిన చోట ఆ లోటు మిగిలిపోతుంది.

మూత్రపిండాల సంగతే చూడండి. రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్లు అనే సూక్ష్మ యంత్రాలు ఒక్కొక్క మూత్రపిండంలో సగటున పది లక్షల దాకా ఉంటాయి. అయితే మనిషికీ మనిషికీ వ్యత్యాసం చాలా ఎక్కువ. ఇవి తయారయ్యేది గర్భంలోనే. సుమారు 36 వారాలకు ఆ కార్ఖానా మూతపడుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డలో ఆ తరువాత ఒక్కటి కూడా క్రొత్తగా పుట్టదు. తక్కువ సంఖ్యతో పుట్టిన బిడ్డలో ఒక్కొక్క నెఫ్రాన్ అధిక భారం మోయవలసి వస్తుంది, కాలక్రమాన రక్తపోటు పెరుగుతుంది అని బ్రెన్నర్ అనే మూత్రపిండ శాస్త్రజ్ఞుడు 1988లో ప్రతిపాదించాడు. 2003లో జర్మనీలో, ప్రమాదాలలో మరణించినవారి మూత్రపిండాలను పరిశీలించగా, రక్తపోటు ఉన్న పదిమందిలో నెఫ్రాన్ల సంఖ్య, అది లేని పదిమందిలో ఉన్నదానిలో సగం మాత్రమే అని తేలింది.

రక్తనాళాలదీ ఇటువంటి కథే. పెద్ద ధమనుల గోడలకు సాగే గుణం ఇచ్చేది ఎలాస్టిన్ అనే పదార్థం. గర్భవాసపు చివరి మాసాలలోనూ పసితనంలోనూ అది ధమనుల గోడలలో పేరుకొంటుంది. తరువాత దాని తయారీ నామమాత్రం. పోగు సరిగా పడని బట్టకు మడతపెట్టేటప్పుడు మరమ్మతు సాధ్యం కాదని సాంచా నడిపేవానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇవన్నీ ఊహలేనా, బిడ్డలో కంటికి కనబడేది ఏమైనా ఉన్నదా? ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగర వైద్యులు 2005లో దీనికి సమాధానం వెతికారు. గర్భంలో ఎదుగుదల కుంటుపడిన 25 మంది నవజాత శిశువులనూ, సరియైన బరువుతో పుట్టిన 25 మందినీ తీసుకొని, వారి పొట్టమీద స్కానింగ్ యంత్రం పెట్టి బృహద్ధమని గోడ మందాన్ని కొలిచారు. గుండె నుండి శరీరానికి రక్తం తీసుకుపోయే రాజమార్గం అది. ఎదుగుదల కుంటుపడిన బిడ్డలలో ఆ గోడ లోపలి పొరలు స్పష్టంగా మందంగా ఉన్నాయి. పెద్దవారిలో ఆ మందం పెరగడం ధమనులు బిరుసెక్కడానికి తొలి గుర్తుగా వైద్యులు భావిస్తారు. సిగరెట్టు ముట్టని, నెయ్యి రుచి ఎరుగని పసికందులో అది కనబడటమే ఆశ్చర్యం. స్పెయిన్ దేశపు బార్సిలోనాలో 2010లో ప్రకటించిన మరొక పరిశీలనలో, అటువంటి బిడ్డల గుండె ఐదేండ్ల ప్రాయంలో కూడా సాధారణపు కోలదనం తగ్గి కొంత గుండ్రంగా ఉన్నదనీ, రక్తపోటు కాస్త హెచ్చుగా ఉన్నదనీ తేలింది.

ఇవి రోగాలు కావు. ఆ పిల్లలు ఆడుతూ పాడుతూ ఉన్నవారే. చిన్నగా పుట్టిన ప్రతి బిడ్డకూ ధమని స్కానింగ్ తీయించాలని ఎవరైనా సలహా ఇస్తే అది అనవసరపు ఖర్చు తప్ప మరొకటి కాదు. ఆ కొలతలు పరిశోధనకు పనికివచ్చేవే గాని చికిత్సకు దారి చూపేవి కావు.

సన్నని బిడ్డలో దాగిన కొవ్వు

భారతీయ శిశువు విషయంలో మరొక చిక్కుముడి ఉన్నది. దానిని విప్పినది పుణె నగరంలోని కె.ఇ.ఎం. ఆస్పత్రికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం. 1993లో మొదలై పుణె సమీపాన ఆరు గ్రామాలలో గర్భిణులను అనుసరిస్తూ సాగిన ఆ అధ్యయనంలో, పుట్టిన బిడ్డలను ఇంగ్లాండులోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చి చూచారు. ఇక్కడి బిడ్డ సగటు బరువు 2.7 కిలోలు, అక్కడి బిడ్డది 3.5 కిలోలు. పొట్ట చుట్టుకొలత, కండ, అన్నిటిలోనూ మన బిడ్డ వెనుకబడి ఉన్నాడు. కాని వీపు మీద చర్మాన్ని చిటికెతో పట్టి కొలిస్తే, దాని క్రింది కొవ్వు దాదాపు వారికి సాటిగా ఉన్నది! ఎముకలు కనబడుతున్న ఈ బిడ్డ కండలో బీద, కొవ్వులో మాత్రం బీద కాడు. బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించగా, అంత చిన్న శరీరానికి ఉండదగినదానికంటె ఇన్సులిన్, లెప్టిన్ ఎక్కువగా ఉన్నాయి. నడివయసు మధుమేహరోగిలో కనబడే లక్షణాల నీడ మొదటి రోజునే పడిందన్నమాట.

పాశ్చాత్యులకంటె పదేండ్లు ముందుగా, అంత లావు లేకుండానే భారతీయులకు గుండెపోటు ఎందుకు వస్తున్నదన్న చిరకాల సందేహానికి ఇది సంపూర్ణ సమాధానం కాకపోయినా ఒక ముఖ్యమైన భాగం. అదే పుణె గ్రామాలలో తల్లులు ఏమి తిన్నారో కూడా లెక్క వేశారు. బిడ్డ పరిమాణంతో గట్టి సంబంధం కనబడినది మొత్తం అన్నం పరిమాణానికి కాదు. పాలు, ఆకుకూరలు, పండ్లు ఎంత తరచుగా తిన్నారన్నదానికి. మూడింట రెండు వంతుల తల్లులలో బి12 విటమిన్ కొరతగా ఉన్నది. గర్భిణులకు ఇచ్చే మాత్రలలోని ఫోలిక్ ఆమ్లం శరీరంలో నిండుగా ఉండి బి12 మాత్రం కొరవడిన తల్లుల పిల్లలలో, ఆరేండ్లనాటికి ఇన్సులిన్ పనితనం మందగించినట్లు కనుగొన్నారు. ఫోలిక్ ఆమ్లం మానుకోవాలని దీని అర్థం కాదు, అది అవసరమే. పాలు, పెరుగు, గుడ్డు, మాంసాలలో తప్ప దొరకని ఆ రెండవ విటమిన్‌ను కూడా చూచుకోవాలని అర్థం.

హైదరాబాదు చుట్టుపట్ల ఉప్మా పరీక్ష

తల్లికి తిండి పెడితే బిడ్డ గుండెకు మేలు జరుగుతుందా? ఈ ప్రశ్నకు లోకంలోని అరుదైన ప్రత్యక్ష సాక్ష్యాలలో ఒకటి తెలుగు పల్లెలనుండే వచ్చింది. అయినా తెలుగువారికే దాని సంగతి అంతగా తెలియకపోవడం విచారకరం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987–90 మధ్య నగర సమీపాన 29 గ్రామాలలో ఒక ప్రయోగం నిర్వహించింది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం అప్పుడప్పుడే విస్తరిస్తున్నది. పథకం చేరిన 15 గ్రామాలలో గర్భిణులకూ ఆరేండ్లలోపు పిల్లలకూ ప్రతిరోజూ వండిన ఆహారం అందజేశారు. మొక్కజొన్న–సోయా పిండితో, సోయా నూనెతో చేసిన ఉప్మా అది. దానితోపాటు టీకాలు, ఇతర ఆరోగ్య సేవలు కూడా అందినాయి. పథకం ఇంకా చేరని 14 గ్రామాలు పోలికకు నిలిచాయి. ఆనాడు చూచినది బిడ్డల బరువును. పెరుగుదల స్వల్పం. ఇంతేనా అనుకొని ఫైళ్ళు మూసివేయదగినంత స్వల్పం.

కాని ఫైళ్ళు మూతపడలేదు. సంజయ్ కిన్రా, జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.వి. రామేశ్వర శర్మ తదితరులు ఆ ఊళ్ళకు మరల వెళ్ళారు. ప్రయోగకాలంలో పుట్టి, 13–18 ఏండ్ల ప్రాయానికి వచ్చిన 1,165 మంది బాలబాలికలను పరీక్షించారు. 2008లో ఫలితాలు ప్రచురించారు. ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. అంతకంటె ముఖ్యంగా, ఇన్సులిన్‌కు శరీరం లొంగకపోవడాన్ని సూచించే కొలత వారిలో 20 శాతం తక్కువగా ఉన్నది. ధమనుల బిరుసుదనాన్ని చూపే సూచిక 3.3 శాతం తక్కువగా ఉన్నది. వారు లావెక్కలేదు. రక్తపోటులోనూ రక్తంలోని కొవ్వులలోనూ మాత్రం చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

ఈ ప్రయోగానికి లోపాలున్నాయి. ఏ ఊరు ఏ జట్టులో ఉండాలో చీట్లు వేసి నిర్ణయించలేదు. తల్లి తిన్న ఉప్మా వలన ఎంత మేలు, పసివాడు తరువాత తిన్న ఉప్మా వలన ఎంత మేలు అని విడదీసి చెప్పలేము. అయినప్పటికీ, అంగన్‌వాడీలో వడ్డించిన గరిటెడు ఆహారపు జాడ పదిహేనేండ్ల తరువాత ఒక పిల్లవాని ధమని గోడలో దొరికిందంటే, ఆ గరిటెను చిన్నచూపు చూడరాదు. 2015లో తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్యలక్ష్మి పేరిట గర్భిణులకు పూట భోజనం, పాలు, గుడ్డు అంగన్‌వాడీలలోనే వడ్డించే పథకాన్ని ఆరంభించినది ఈ బాటలోనే.

సూరత్‌కు దగ్గరలోని బొంబాయి మురికివాడలలో 2006–12 మధ్య ఆరువేల ఐదువందల మందికి పైగా స్త్రీలతో మరొక పరీక్ష జరిగింది. ఆకుకూరలు, పండ్లు, పాలు కలిపిన చిరుతిండిని గర్భం రాకముందునుండే ప్రతిరోజూ ఇచ్చారు. మొత్తం మీద బిడ్డల బరువులో గణనీయమైన తేడా రాలేదు. గర్భధారణకు కనీసం మూడు నెలల ముందునుండి తిన్నవారి బిడ్డలు మాత్రం సగటున 48 గ్రాములు ఎక్కువ తూగారు. మరీ బక్కపలుచని స్త్రీలకు ఆ మేలు కూడా దక్కలేదు. నెల తప్పిన తరువాత మొదలుపెట్టే పోషణ ఆలస్యమైన పోషణ అనీ, పెండ్లికి ముందు ఆడపిల్ల ఏమి తిన్నదన్నదే అసలు ప్రశ్న అనీ ఈ ఫలితం సూచిస్తున్నది.

‘బిడ్డ చిన్నదైతే కాన్పు సులువు’

తెలుగు ఇండ్లలో ఒక నమ్మకం ఇంకా మిగిలి ఉన్నది. చూలాలు ఎక్కువగా తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని, కడుపునిండా తింటే బిడ్డకు చోటు చాలదని అత్తలూ అమ్మమ్మలూ చెబుతుంటారు. ఆపరేషన్ లేని కాలంలో, పురిటిలో ప్రాణాలు పోయిన ఇండ్లలో పుట్టిన భయం అది. దానిని వెక్కిరించి లాభం లేదు. కాని ఆస్పత్రి అందుబాటులో ఉన్న ఈనాడు ఆ భయానికి మూల్యం చెల్లిస్తున్నది బిడ్డ. దీనికి తోడు, ఇంటిల్లిపాది తిన్న తరువాత మిగిలినది తినే ఆచారం ఒకటి. పన్నెండు గంటల షిఫ్టు ముగించి వచ్చే మగనికి కూర, ఇంట కూర్చుండి చీకటిపడేదాకా చీరలకు లేసు కుట్టిన చూలాలికి పచ్చడి మెతుకులు! బిడ్డ బరువు తగ్గడానికి గల కారణాలలో చిన్న వయసులో పెండ్లి, వెంటవెంటనే కాన్పులు, రక్తహీనత, చలిజ్వరం వంటి అంటువ్యాధులు, పొగాకు కూడా ముఖ్యమైనవి. తల్లి నమిలే పొగాకుకూ, ఇంట్లో ఇతరులు త్రాగే బీడీ పొగకూ మాయ అడ్డు కట్టలేదు.

తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను చూచి మరొక తప్పు కూడా జరుగుతుంటుంది. ఎలాగైనా బొద్దుగా చేయాలని డబ్బా పాలు, చక్కెర, బిస్కెట్లు కుక్కడం. ఢిల్లీలో 1969–72 మధ్య పుట్టినవారిని పుట్టుక నుండి అనుసరించిన అధ్యయనం 2004లో ఒక హెచ్చరిక చేసింది. 26–32 ఏండ్ల ప్రాయంలో పరీక్షించిన 1,492 మందిలో, మధుమేహం గాని దాని ముందు దశ గాని కనబడినవారు రెండేండ్లనాటికి సన్నగా ఉండి, ఆ తరువాత బాల్యమంతా తోటివారికంటె వేగంగా ఒళ్ళు చేసినవారే. వారు బాల్యంలో స్థూలకాయులు కూడా కారు; తమ పూర్వస్థితితో పోల్చితే లావెక్కారు, అంతే. కనుక మొదటి రెండేండ్లలో మంచి ఎదుగుదల మేలు. ఆరునెలలు తల్లిపాలు మాత్రమే, తరువాత ఇంటి ఆహారంతోపాటు తల్లిపాలు. బడికి పోయే వయసులో హఠాత్తుగా వచ్చే లావు మేలు కాదు.

చిన్నగా పుట్టిన పిల్లవాని రక్తపోటును మూడేండ్లు దాటినప్పటినుండి ఏడాదికొకసారి చూపించడం తెలివైన పని. మరీ నెలలు తక్కువగా గాని, మరీ తక్కువ బరువుతో గాని పుట్టినవారికి ఇంకా ముందే చూడాలని పిల్లల వైద్యుల సూచన. పరీక్షకు పట్టేది రెండు నిముషాలు. పిల్లల చేతికి సరిపోయే చిన్న పట్టీ మాత్రం ఉండాలి. పెద్దల పట్టీ కట్టి చూస్తే అంకె తప్పు వస్తుంది.

సూరత్ తెలుగువారి విషయంలో ఒక చిన్న ఇబ్బంది ఉన్నది. తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోవడం మన ఆచారం. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్లులో దిగుతుంది. గర్భిణిగా ఆమె తూకాలు, రక్తపరీక్షలు సూరత్‌లో ఇచ్చిన మమతా కార్డులో గుజరాతీలో ఉంటాయి. బిడ్డ బరువు తెలంగాణ ఆస్పత్రి చీటీలో ఉంటుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలు తిరిగి సూరత్ చేరేసరికి ఈ రెండు కాగితాలలో ఒకటి ఎక్కడో జారిపోతుంది. ఆరేండ్ల తరువాత బడిలో వైద్యుడు అడిగితే, ‘చిన్నగానే ఉండె’ అనే సమాధానం తప్ప అంకె దొరకదు. మైసూరులో ఆరు దశాబ్దాలనాటి అంకె దొరికినది ఆ ఆస్పత్రివారు పుస్తకాన్ని పారవేయకపోవడం వలననే. బిడ్డ పుట్టిన తేదీ, ఎన్ని వారాలకు పుట్టినది, ఎన్ని గ్రాములు తూగినది అనే మూడు సంగతులను టీకాల కార్డు వెనుక ఎవరైనా సిరాతో వ్రాసి ఉంచవచ్చు.